అబ్బీ, బండిని వెనక నిలబడి చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సరుకు కిరాయిలకు కొందామని నువ్వు చూసి వాట్సాప్‌లో పంపిన బళ్ల ఫొటోలన్నీ చూశాను. నాలుగు బళ్లనూ ముందు నుంచే తీశావు. గ్రిల్లు, లైట్లు, అలాయ్ చక్రాలు బాగానే కనిపించాయి. వెనక బాడీ, అంటే సరుకు వేసే తొట్టి, ఎలా ఉందో ఒక్కదాంట్లోనూ లేదు. పెళ్లిచూపులకు పోయి పందిరి చూసి వచ్చినట్టుంది నీ పని. ఫోన్లో చెప్పొచ్చు గానీ నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నాకు లెక్క తప్పుతుంది. అందుకే రాస్తున్నా.

మీ ఇంట్లో తలా ఒక మాట అంటున్నారని మీ అమ్మ చెప్పింది. మీ నాయన పాత టాటా 407 లారీ ఏదైనా చూడమంటున్నాడు. నీకేమో ఇసుజు వి-క్రాస్ పికప్ మీద మనసు పడింది. టెక్సాస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు అక్కడి ఫోర్డ్ బళ్ల వీడియోలు పంపి ఇంకా ఎగదోస్తున్నాడు. మదనపల్లి మార్కెట్ దగ్గర డ్రైవర్లనడిగితే బొలెరో పికప్ తప్ప వేరే పేరు రాదు. మన వైపు బొలెరో అంటే కారు అని ఎవరికైనా గుర్తుందా అసలు?

ఇందులో ఎవరిదీ తప్పు మాట కాదు. ఎవరు ఏ లోడు మోశారో ఆ లోడుకు తగిన బండి చెబుతున్నారు. నువ్వు మోయబోయేది టమాటా. కాబట్టి టమాటా పెట్టెనే అడుగుదాం.

మన ప్లాస్టిక్ పెట్టె బయటి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, ఎత్తు సుమారు 30. కాయ పాతిక కిలోలు, పెట్టె రెండు కిలోలు, మొత్తం 27 అనుకో. ఇప్పుడు తొమ్మిది అడుగుల బాడీ తీసుకో. లోపలి వెడల్పు అయిదున్నర అడుగులుంటుంది. అడ్డంగా నాలుగు పెట్టెలు, పొడవునా నాలుగు వరసలు, అంటే ఒక అంతస్తుకు 16. వెనక ఒక అడుగు పైచిలుకు మిగులుతుంది గానీ అందులో పెట్టె పట్టదు. అదే పదడుగుల బాడీ అయితే పొడవునా అయిదు వరసలు సరిగ్గా కూర్చుంటాయి, అంతస్తుకు 20. ఒక్క అడుగు పెరిగితే నాలుగు పెట్టెలు పెరిగాయి. మహీంద్రా మ్యాక్స్ పికప్‌లో పొడుగు బాడీ 3,050 మిల్లీమీటర్లు. మన పెట్టెలకు అయిదు వరసలూ పోను అయిదు సెంటీమీటర్లు మిగులుతుంది.

అయితే ఎక్కువ లోడు వేయొచ్చు కదా అనకు. బండి మోసేది 1,700 కిలోలయితే ఏ బాడీ ఉన్నా 62 పెట్టెలే. తొమ్మిది అడుగుల దాంట్లో అవి నాలుగు అంతస్తులు అవుతాయి, పై అంతస్తులో రెండు తగ్గుతాయి. పదడుగుల దాంట్లో మూడు అంతస్తులు, పైన రెండే పెట్టెలు. తేడా అంతా ఆ నాలుగో అంతస్తులోనే ఉంది అబ్బీ. బాడీ నేల నీ నడుము ఎత్తున ఉంటుంది. మూడో అంతస్తు పెట్టె నీ భుజం దగ్గర పెడితే చాలు. నాలుగోది తల మీదికి ఎత్తాలి. 27 కిలోలు, తోట గట్టు మీద, బురదలో, రాత్రి ఎనిమిదింటికి. కింద నుంచి అందించడానికి ఒక మనిషి, పైన నిలబడి సర్దడానికి ఇంకొకడు కావాలి. హమాలీ కూలి ఒక్క రోజుకు చిన్నదే, ఏడాదికి లెక్కేస్తే నీ కంతుల్లో ఒకటి రెండు అందులోనే పోతాయి. పైగా ఎత్తు తగ్గితే ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు బండి పక్కకు వాలదు. అందుకే నాకు పొడుగు బాడీ ఇష్టం. ఎక్కువ మోయడానికి కాదు, తక్కువ ఎత్తులో మోయడానికి.

పొడుగు బండికి తంటాలు లేవనడం లేదు. మీ ఊళ్లో రామాలయం పక్క సందులో తిరగదు. రివర్స్‌లో రావాలి, మీ నాయన వెనక నిలబడి రా రా అనాలి. అది ఆయనకు బాగానే ఇష్టం.

ఇప్పుడు నీ వి-క్రాస్ సంగతి. మన పాత చిత్తూరు జిల్లాలోనే, శ్రీసిటీలో తయారవుతుందని నీకు మురిపెం. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైనప్పటి నుంచి నాకూ మురిపెమే. బండి గట్టిది, నాలుగు చక్రాలకూ పవర్ ఇస్తే దుక్కిలో కూడా పోతుంది, సీట్లు కారులాగే ఉంటాయి. కానీ దాని పొడవు 5.3 మీటర్లు ఉంటే వెనక బాడీ అయిదడుగులకు కాస్త తక్కువ. పైగా చక్రాల మూపులు లోపలికి పొడుచుకొస్తాయి. కింది అంతస్తులో మన పెట్టెలు అయిదారు కూర్చుంటే ఎక్కువ. అంత పొడవు బండి తోలుకుపోయి స్కూటర్ల మీద తెచ్చినంత సరుకు తేవడమా?

ఆ మూపులు ఎందుకొస్తాయో చెబుతాను, ఎందుకంటే షోరూమ్‌లో ఇది ఎవరూ చెప్పరు. బాడీని చక్రాల మధ్యకు దించితే నేల కిందికొస్తుంది, ఎత్తడం సులువు, కానీ చక్రాలకు చోటు ఇవ్వాలి కాబట్టి లోపల రెండు గూనులు వస్తాయి. బాడీని చక్రాల పైన పెడితే నేల బల్లలా చదునుగా ఉంటుంది, కానీ ఎత్తు పెరుగుతుంది. రెండూ కావాలంటే చక్రాలనే చిన్నవి చేయాలి. టాటా ఏస్‌కు 12 అంగుళాల చక్రాలు పెట్టింది అందుకే. జపాన్ వాళ్ల చిన్న ట్రక్కులూ అంతే. 660 సీసీ ఇంజిను, 3.4 మీటర్ల పొడవు, మూడు వైపులా డోర్లు కిందికి దించుకోవచ్చు. ఇప్పుడు ఆ పాత ట్రక్కులు అమెరికాలో రైతులు కూడా తెప్పించుకుంటున్నారు. మీ అన్నకు ఆ వీడియోలు కూడా పంపమను.

అమెరికా వాళ్లనూ తీసిపారేయకు. వాళ్ల కొలత ప్లైవుడ్ షీటు, నాలుగడుగులు ఇంటు ఎనిమిది. అందుకే పెద్ద పికప్‌లలో మూపుల మధ్య నాలుగడుగుల పైన ఖాళీ ఉంచుతారు, షీటు నేల మీద పడుకుంటుంది. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి అయిదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల బాడీలు ఉన్నాయి. క్యాబిన్ పెద్దది కావాలంటే బాడీ చిన్నదవుతుంది, అక్కడా అదే పేచీ. 1925లో ఫోర్డ్ మోడల్ టీ మీద ఫ్యాక్టరీలోనే పికప్ బాడీ పెట్టి అమ్మినప్పుడు ముందు ఒక్క సీటు, మిగతాది సరుకుకు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఎక్కాలన్నారు, పిల్లలకు సీట్లన్నారు, బాడీ వెనక్కి జరిగి జరిగి చిన్నదైపోయింది. వాళ్లకు అదే కారు, అదే ట్రక్కు. నీకు ఇంట్లో స్కూటర్ ఉంది, మీ నాయనకు కారు ఉంది. ట్రక్కు ట్రక్కులాగే ఉండనీ.

మీ చిన్నాయన కొడుకు డ్రిప్పు పైపులు బిగించే పని చేస్తాడు చూడు, వాడు అడిగితే రెండు వరసల సీట్లుండే డబుల్ క్యాబిన్ కొనమనే చెబుతాను. నలుగురు పనివాళ్లు, ఒక పెట్టె పనిముట్లు, నాలుగు చుట్టల లేటరల్ పైపు. వాడికి మనుషులే లోడు.

ఇలా ఘంటాపథంగా చెబుతున్నా గానీ నేను కూడా ఒకసారి బోల్తా కొట్టినవాణ్నే. 2005లో టాటా ఏస్ వచ్చింది. ముప్పావు టన్ను బండి, రెండు సిలిండర్ల ఇంజిను. నా దగ్గర అప్పుడు 407 ఉంది. అందరి ముందూ నవ్వాను, ఇది బండా, బొమ్మా అని. రెండేళ్లలో తోటల దగ్గర సరుకు ఎత్తే కిరాయిలన్నీ వాటికి పోయాయి. ఎందుకంటే నా 407 రోడ్డు దగ్గర ఆగిపోయేది, రైతు పెట్టెలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసుకొచ్చేవాడు. ఏస్ మడి గట్టు దాకా పోయేది. నేను బాడీ పొడవే చూశాను, బాడీ ఎంత దూరం లోపలికి పోగలదో చూడలేదు. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. నువ్వు కిరాయికి పోయే తోటల దారులు ముందే ఒకసారి బైకు మీద తిరిగి చూసుకో. ఎక్కువ దారులు ఇరుకైతే, నా లెక్కలన్నీ పక్కన పెట్టి చిన్న బండే కొను.

బాడీ విషయంలో ఇంకొన్ని. వెనక డోరు గొళ్లేలు ఒక చేత్తో తీయగలవా చూడు, రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. పక్క డోర్లు కూడా తెరుచుకుంటే మండీలో బళ్లు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడ్డప్పుడు పక్క నుంచి దించుకోవచ్చు, కానీ కీళ్లు వదులైతే గుంతల రోడ్డులో పొద్దస్తమానం గడగడమంటాయి. తాడు కట్టే కొక్కేలు బయట వైపు, కింద ఉండాలి. అడుగు రేకు పొడవునా గాడులతో ఉంటే పెట్టె లాగితే జారుతుంది, కడిగితే నీళ్లు వెనక్కి పోతాయి. టమాటా రసం పులుపు, రేకు తినేస్తుంది, కాబట్టి రాత్రి ఎంత అలసిపోయినా ఒక బకెట్ నీళ్లు కొట్టాల్సిందే. నేను బద్ధకించి ఒక బాడీ అడుగు మొత్తం చిల్లులు పెట్టుకున్నా.

పైన పెద్ద ఇనుప పంజరం కట్టిస్తానన్నావు. ఎందుకు? అది 150 కిలోలుంటే నువ్వు మోసే సరుకులోంచి అయిదారు పెట్టెలు తీసేసినట్టే. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులో బండి, బాడీ, పంజరం, నువ్వు, నీ క్లీనరు, అందరూ ఉంటారు. మిగిలిందే సరుకు. ముందు క్యాబిన్ వెనక ఒక గట్టి కమ్మీ చాలు. సీజన్ లేనప్పుడు ఇరవై అడుగుల పీవీసీ పైపులు, షామియానా గుంజలు వస్తాయి కదా, వాటిని ఆ కమ్మీ మీద ఆనించుకోవచ్చు. వెనక బయటికి పొడుచుకురావడం మాత్రం జాగ్రత్త. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో సరుకు బాడీ దాటి బయటికొస్తే 20,000 జరిమానా. ఓవర్‌లోడ్‌కూ 20,000, ఆపైన టన్నుకు రెండు వేలు. ఒక్కసారి పడితే ఆ నెల కిరాయి అంతా హరీ.

లైసెన్స్ గురించి టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. నీ కారు లైసెన్సే సరిపోతుంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని ఎల్‌ఎమ్‌వి, అంటే తేలికపాటి వాహనాల లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పసుపు బోర్డు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మాత్రం వాయిదా వేయకు.

లోడు సర్దడం గురించి ఒక్కటి చెప్పి ఆపేస్తా. బరువు ఎప్పుడూ క్యాబిన్ వైపు నుంచి మొదలుపెట్టు. ఒకసారి తిరుపతికి సగం లోడే ఉందని, దించడం సులువని పెట్టెలన్నీ వెనక డోరు దగ్గరే పెట్టించాను. భాకరాపేట ఘాట్‌లో స్టీరింగ్ తిప్పుతుంటే చేతికి ఏమీ తగలడం లేదు. బరువంతా వెనక చక్రాల వెనకకు పోయి ముందు చక్రాలు తేలికైపోయాయి. వాన తుంపర. మలుపులో బండి నేను చెప్పినచోటికి కాకుండా దాని ఇష్టం వచ్చినచోటికి పోయింది. గోడకు రాసుకుని ఆగింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. అరగంట వానలో నిలబడి ఒక్కో పెట్టె ముందుకు జరుపుకున్నా. పొడుగు బాడీ కొంటే ఈ తప్పు చేయడం ఇంకా సులువు, అందుకే చెబుతున్నా.

మీ నాయన 407 మాట కొట్టేయకు, మెల్లగా చెప్పు. ఏడాదికి మూడు నెలలు బెంగళూరుకో చెన్నైకో పెద్ద లోడ్లు తోలే ఒప్పందం నీకు ముందే ఉంటే ఆయన మాటే రైటు. అది లేకుండా పాత బండి కొంటే రిపేరు షెడ్డు వాడిని పెంచి పోషించినట్టు. 2023 జూలైలో కిలో 200 దగ్గరికి పోయిన టమాటా చూసి బండి సైజు నిర్ణయించుకోవద్దని ఆయనకు కూడా చెప్పు. ఆ ఏడాది ఆయనే ట్రాక్టర్ కొంటానన్నాడు.

అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. పెరట్లో ఖాళీ పెట్టెలు డెబ్భై దాకా ఉన్నాయి. సుద్దముక్కతో నేల మీద తొమ్మిది అడుగుల బాడీ, పదడుగుల బాడీ, నీ వి-క్రాస్ బాడీ మూడూ గీద్దాం. నువ్వే పేర్చి చూసుకో. తర్వాత రెండు పెట్టెల్లో ఇసుక నింపి నాలుగో అంతస్తు మీదికి ఎత్తిస్తా. మీ నాయనను కూడా తీసుకురా. మీ అత్త రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి చేస్తానంది, ఆకలితోనే రండి.

ఇట్లు
మీ మామయ్య