కళ్ళు తిరిగేవాడు కాలువ గట్టున ఎలా కూర్చోవాలి

విజయవాడ

చిరంజీవి శ్రీనుకి,

ఆశీస్సులు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మంచం మీద పక్కకి ఒత్తిగిలేసరికి గది గిర్రున తిరిగిందనీ, గుంటూరులో చెవి డాక్టరు చూసి లోపల రేణువులు జారాయన్నారనీ, తల అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాక చాలావరకు తగ్గిందనీ రాశావు. ఇంక ఆదివారం పూట గాలం పట్టుకుని కాలువ గట్టుకి వెళ్ళొచ్చా, అమ్మాయి అంటున్నట్టు మానెయ్యాలా అని అడిగావు.

వెళ్ళు. కదలకుండా ఇంట్లో పడుకుంటే ఈ తూలుడు ఇంకా నెమ్మదిగా పోతుంది. కానీ ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. ఈ జబ్బులో తిరుగుడు ప్రాణం తియ్యదు, అది వచ్చిన క్షణాన నువ్వు ఎక్కడున్నావన్నదే ముప్పు. మంచం మీద వస్తే ఒక నిమిషం అవస్థ. పాచి పట్టిన రేవు మెట్టు మీద వస్తే కాలువలో ఉంటావు. అది ఎప్పుడు వచ్చినా నువ్వు కూర్చుని, నీటికి దూరంగా ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. నేను చెప్పేదంతా దాని కోసమే.

మన భాషలో ఒక చిక్కుంది. గది గిర్రున తిరిగినా, లేచి నిలబడగానే కళ్ళ ముందు చీకటి కమ్మినా, నడకలో తూలినా, మూడింటినీ ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అనే అంటాం. ఆ తరవాత పైత్యమనీ, మెడ ఎముకలు అరిగాయనీ, నరాల బలహీనతనీ తలా ఒక మాట అంటారు. నువ్వు మాత్రం విడదీసి చెప్పడం నేర్చుకో. పడుకున్నప్పుడో, ఒత్తిగిలినప్పుడో, తల పైకెత్తినప్పుడో మొదలై నిమిషం లోపు ఆగిపోయే గిర్రుడు ఈ రేణువులది. కూర్చుని లేచినప్పుడు మాత్రమే చీకటి కమ్మితే బీపీ పడిపోవడం. ఎండలో నీళ్ళు తాగకపోయినా వస్తుంది, బీపీ మాత్రల వల్లా రావచ్చు. మాత్ర నీ అంతట నువ్వు ఆపకు, డాక్టరుకి చెప్పు. గంటల తరబడి తిరిగి, చెవిలో హోరు, దిమ్మ, వినికిడి తగ్గడం కూడా ఉంటే అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు.

రేణువులంటే ఏమిటో తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. లోపలి చెవిలో ఒక చిన్న సంచి లాంటి భాగం ఉంది. అందులో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు అంటుకుని ఉంటాయి. పల్నాటి సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. వయసు వల్లో, తలకి దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో అవి ఊడి, పక్కనే ఉన్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. ఎక్కువగా వెనక గొట్టంలోకి. తల వంచినా ఎత్తినా అవి దొర్లి గొట్టంలో నీటిని తోస్తాయి. తల ఆగిపోయినా నీరు కదులుతూనే ఉండటంతో, తల ఇంకా తిరుగుతోందని మెదడు అనుకుంటుంది. రేణువులు అడుక్కి చేరగానే తిరుగుడు ఆగుతుంది. మాత్రలు వాటిని కదపలేవు. స్టుజెరాన్, స్టెమెటిల్ లాంటివి ఒకటి రెండు రోజులు వాంతిని ఆపడానికి పనికొస్తాయి. రోజూ మింగుతూ పోతే మత్తు ఎక్కువ, మెదడు సర్దుకోవడం ఆలస్యం. అలాంటి మాత్ర వేసుకున్న రోజు గట్టు ఎక్కకు.

నీకు డాక్టరు చేసింది ఎప్లీ పద్ధతి. ఇంట్లో చేసుకోవచ్చని ఆయన ఒప్పుకుంటేనే చెయ్యి. మెడ నొప్పి, మెడ ఎముకల సమస్య ఉన్నవాళ్ళు సొంతంగా చెయ్యకూడదు. నీది కుడి చెవి అన్నావు కాబట్టి దానికే చెబుతున్నా. మంచం మీద కాళ్ళు చాపి కూర్చో. వెల్లకిలా పడుకుంటే భుజాల కిందకి వచ్చేలా వెనక ఒక దిండు పెట్టు. తల కుడికి నలభై ఐదు డిగ్రీలు, అంటే ఎదురుగోడకీ కుడి భుజానికీ సరిగ్గా మధ్యకి తిప్పి, అలాగే గబుక్కున వెనక్కి పడుకో. తల దిండు దాటి కొంచెం కిందికి వాలాలి. తిరుగుడు వస్తుంది, రానీ. అది ఆగాక ఇంకో ముప్ఫై సెకన్లు ఆగు. తల లేపకుండా ఎడమకి తొంభై డిగ్రీలు తిప్పి మళ్ళీ అంతసేపు. తరవాత ఒళ్ళంతా ఎడమ భుజం మీదికి ఒత్తిగిలి, ముక్కు నేల వైపుకి వచ్చేదాకా తలని ఇంకో తొంభై తిప్పు. మళ్ళీ అంతసేపు. ఆఖరున గడ్డం గుండెకి ఆనించి, ఎడమ పక్క నుంచే మెల్లగా లేచి కూర్చో. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మధ్యలో తల పైకి లేపుతారు, లేదంటే తిరుగుడు ఆగకముందే తరవాతి భంగిమకి పోతారు. అప్పుడు రేణువులు సగం దారిలో నిలిచి, మళ్ళీ వెనక్కి జారతాయి.

ఇది చేశాక ఒకటి రెండు రోజులు తేలుతున్నట్టు ఉంటుంది. అందుకే శనివారం రాత్రి చేసి ఆదివారం పొద్దున వేటకి వెళ్ళొద్దు. శనివారం రాత్రి పరీక్ష మాత్రం చేసుకో. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి తిప్పి, ఒక్కోవైపు అరనిమిషం ఆగు. ఏ మాత్రం గిర్రున తిరిగినా ఆ ఆదివారం వేట లేనట్టే. వారం రోజులు ఒక్కసారీ రాకపోతేనే మొదటి ఆదివారం బయలుదేరు. అంతదాకా బండి కూడా నడపకు.

ఇక గట్టు సంగతి. మనిషిని నిలబెట్టేవి మూడు: కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళు. నీకు చెవి సగం అబద్ధం చెబుతోంది. మిగిలిన రెండూ నీ దగ్గరుండాలి. మసక చీకటి పడితే కళ్ళు పోతాయి, బురదలో, ఇసుకలో, రాళ్ళ మీద అరికాళ్ళు పోతాయి. రెండూ ఒకేసారి పోయే చోటు చీకటి పడ్డాక బురద గట్టు. కాబట్టి పొద్దున ఆరున్నరకి వెళ్ళి తొమ్మిదికల్లా వచ్చెయ్యి. సాయంత్రం వేట ఇప్పుడొద్దు. హవాయి చెప్పులు వద్దు, మడమకి పట్టీ ఉండి అడుగు పల్చగా ఉన్న చెప్పులు వేసుకో, నేల తెలుస్తుంది. చేతికర్ర పట్టుకెళ్ళు. నీవి రెండు పవర్ల కళ్ళజోడు కదా, గట్టు దిగేటప్పుడు కింది అద్దం లోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. అప్పుడు తల వంచాల్సి వస్తుంది, తిరుగుడూ వస్తుంది. దూరం చూపు జోడు ఒకటి విడిగా చేయించుకో.

చోటు ఎంచుకునేటప్పుడు లాకుల దగ్గర నీళ్ళు దూకే చోటు వదిలెయ్యి. జూన్, జూలైల్లో కాలువకి నీళ్ళు వదిలాక వేగంగా పారే నీటి వైపు అదే పనిగా చూస్తే, బాగున్నవాడికి కూడా గట్టే జరుగుతున్నట్టుంటుంది. విజయవాడ జంక్షన్‌లో పక్క ప్లాట్‌ఫాం రైలు కదిలితే మన రైలే కదిలినట్టు తోస్తుంది చూడు, అదే భ్రమ. నీరు నెమ్మదించే మలుపు చూసుకో. చేతులున్న కుర్చీ ఒకటి వేసుకో, నీటి అంచుకి ఆరడుగులు వెనగ్గా. ముందుకి తూలితే నేల మీద పడాలి గానీ నీళ్ళలో కాదు. కుర్చీ కాళ్ళు బురదలో దిగకుండా కింద ఒక చెక్క వెయ్యి. రేవు మెట్ల మీద కాళ్ళు వేలాడేసి మాత్రం కూర్చోకు.

నీ తిరుగుడికి అసలు శత్రువు గాలం కాదురా, ఎర్రల డబ్బా. అది కాళ్ళ దగ్గర నేల మీద ఉంటుంది. ప్రతి పది నిమిషాలకీ వంగి, మూత తీసి, వానపామును పట్టి, తలెత్తి ముల్లుకి గుచ్చుతావు. తల వంచడం, ఎత్తడం, ఆ రెండూ గంటకి ఆరుసార్లు. రేణువులని గొట్టంలో దొర్లించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. డబ్బా, కత్తి, గుడ్డ అన్నీ మోకాళ్ళ ఎత్తు స్టూలు మీద, కుడిచేతికి అందేలా పెట్టుకో. నేల మీద ఏదైనా పడితే నడుము వంచి తీయకు, మోకాళ్ళు వంచి, తల నిటారుగా ఉంచి దిగు. గాలం తల మీదుగా విసరకు, గడ్డం పైకి లేస్తుంది. పక్క నుంచి విసురు, ఒళ్ళంతా కలిసి తిరగాలి, మెడ ఒక్కటే కాదు.

గాలం దారానికి కట్టి నీటి మీద తేలేసే బెండు విషయం ఇంకా చెప్పాలి. అది ఊగుతూ, మునుగుతూ, తేలుతూ ఉంటే కళ్ళు దాని వెంటే పోతాయి. పావుగంట అయ్యేసరికి కడుపులో తిప్పడం మొదలవుతుంది. గాలం కర్రని నేలలో గుచ్చిన పంగల కర్ర మీద ఆనించి, కొనకి ఒక చిన్న గజ్జె కట్టు. చేప లాగితే మోగుతుంది. నువ్వు ఎదరి గట్టు మీద తాటిచెట్టు మొదలు చూస్తూ కూర్చోవచ్చు. లాగడం కూడా కూర్చునే చెయ్యి. వల పెట్టి పైకి తీసే పని పక్కవాడిది. పెద్ద బొచ్చె పడిందని ఒక్క ఊపున లేచి నిలబడకు. తిరుగుడు మొదలైందంటే కర్ర వదిలెయ్యి. దారం చేతికి చుట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్యి.

వచ్చినప్పుడు చెయ్యాల్సింది కొంచెమే. కూర్చునే ఉండు, కుర్చీ చేతులు పట్టుకో, కదలని దాన్ని ఒకదాన్ని చూడు, తల కదపకుండా నెమ్మదిగా అరవై లెక్కపెట్టు. ఆగాక కూడా ఐదు నిమిషాలు లేవకు. నడుస్తుండగా వస్తే ఉన్నచోటే చతికిలబడు, బట్టలు మురికవుతాయని చూడకు. ఆ రోజుకి వేట అయిపోయింది, ఇంటికి ఎవరైనా దింపాలి.

నీళ్ళలోకి దిగడం ఇప్పట్లో వద్దు. ఛాతీ లోతులో ఒళ్ళు తేలికై అరికాళ్ళకి నేల సరిగా తెలియదు. అక్కడ తిరుగుడు వచ్చి తల మునిగితే పైకేదో కిందికేదో అంతు పట్టదు. ఇంకో కారణం కూడా ఉంది. ఒక చెవిలోకి చల్లటి నీళ్ళు పోతే ఆ చలికి లోపలి నీరు కదిలి, రేణువులతో పని లేకుండానే తల తిరుగుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే మరీ ఎక్కువ. పుష్కర ఘాట్‌లో మునకైనా అంతే, చెంబుతో పోసుకుంటే చాలు. పడవ కూడా ఆపు, తరవాత ఎక్కినా లైఫ్ జాకెట్ తోనే.

పక్కన మనిషి లేకుండా వెళ్ళకు. అతనికి ముందే చెప్పాలి: తిరుగుడు వస్తే చంకల్లో చేతులు వేసి లేపొద్దు, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, వాంతి వస్తుంటే పక్కకి ఒరిగించాలి, ఎంతసేపు ఉందో ఫోన్‌లో టైం చూడాలి. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, మునుపెన్నడూ లేని తలనొప్పి వచ్చినా, తిరుగుడు ఆగకుండా నిలబడలేకపోయినా అది చెవిది అనుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. తగ్గుతుందేమోనని గట్టున పడుకోబెట్టి చూడొద్దు. హఠాత్తుగా ఒక చెవి వినపడకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళు.

అమ్మాయి ఉప్పలపాడు కొంగలు చూడాలంటోందని రాశావు, తీసుకెళ్ళు. అక్కడ తప్పు చేసేది మెడ. పది మీటర్ల ఎత్తున్న గూడుని పది మీటర్ల దూరం నుంచి చూస్తే చూపు నలభై డిగ్రీలు పైకి పోతుంది. ముప్ఫై మీటర్ల దూరానికి జరిగితే పదహారే. కాబట్టి దూరం నుంచే చూడు. బైనాక్యులర్ ఎనిమిది రెట్లది చాలు, పదిరెట్లది చేతి వణుకుని కూడా పదిరెట్లు చేస్తుంది. మోచేతులు దేనికైనా ఆనించి, కూర్చుని, రెండు మూడు నిమిషాలకోసారి దించు. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాల్సి వస్తే ముందు సీటులో కూర్చుని దూరంగా రోడ్డునే చూడు, ఫోన్ చూడకు.

మధ్యలో వారం రోజులూ ఖాళీగా ఉండకు. గోడ మీద కంటి ఎత్తున ఒక అక్షరం రాసి, చెయ్యి చాపినంత దూరంలో నిలబడి, చూపు దాని మీదే నిలిపి తల కుడికీ ఎడమకీ ఒక నిమిషం ఊపు. రోజుకి మూడుసార్లు. అక్షరం చెదిరితే వేగం తగ్గించు. మొదట్లో కొంచెం వికారం ఉంటుంది, అది మంచికే. అది కుదిరాక సాయంత్రాలు చదునైన చోట నడుస్తూ తల అటూ ఇటూ తిప్పడం. ఒకసారి విటమిన్ డి పరీక్ష చేయించు. తక్కువ ఉన్నవాళ్ళకి ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

మొదటి ఆదివారం రెండు గంటలు దాటనియ్యకు. సంచిలో లీటరు మంచినీళ్ళు, ఒక సీసా మజ్జిగ, టోపీ, వాంతి కోసం రెండు కవర్లు ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకు. శనివారం రాత్రి పడుకుని చూసుకున్నాక ఎటువైపు ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య