కీహోల్ ఆపరేషన్ అయ్యాక పప్పు మానేస్తే గాయం దేంతో మానుతుంది?

"ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ ఆపరేషన్) అయితే గాయం లోపల కూడా తొందరగా మానిపోతుందా? ఎన్నాళ్లు పథ్యం ఉండాలి, బరువులు ఎప్పుడు ఎత్తొచ్చు?" అని ఇక్కడ ఒకరు అడిగారు. పథ్యం అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. 2022 వేసవిలో బరంపురంలో నాకు గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీశారు. పొట్ట మీద నాలుగు రంధ్రాలు. బొడ్డు దగ్గరా, రొమ్ము ఎముక కిందా సుమారు సెంటీమీటరువి, కుడి పక్కన అరసెంటీమీటరువి రెండు. మర్నాడే లేచి నడిచాను. కుడి భుజం మాత్రం ఒకటే లాగింది. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ వల్ల డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం పొర) రేగితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు రోజుల్లో పోయింది.

ఇబ్బందంతా ఇంటికొచ్చాకే. మా అత్తయ్య నన్ను కూతురిలా చూసుకుంటారు, ఆవిడ మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ "పప్పు తింటే చీము పడుతుందమ్మా" అని కందిపప్పు, గుడ్డు, చేప, వంకాయ, నిమ్మకాయ అన్నీ ఆపేశారు. పన్నెండు రోజులు మెత్తటి అన్నం, మిరియాల చారు. ఓ సాయంత్రం ఎదురింటి ఒడియా మావుసి స్టీలు గిన్నెలో దాల్మా తెచ్చారు. పప్పులో ఉడికిన పచ్చి బొప్పాయి, అరటికాయ, ములక్కాడ ముక్కలు, పైన నేతిలో వేగిన జీలకర్ర, ఎండుమిర్చి. మూత తీయగానే నోరూరింది. వాళ్లింట్లో ఒంట్లో బాగోలేనివాళ్లకి పెట్టేది అదేనట. "పచ్చి పుండు మీద పప్పా!" అని అత్తయ్య గిన్నె నా ముందు నుంచి తీసేశారు. మావుసి మొహం చిన్నబోయింది. ఈ గడపలో చీము పట్టించే పప్పు ఎదురు గడపలో బలమెలా అవుతుందో ఎవరైనా చెప్పండి.

పదమూడో రోజున చెకప్‌కి వెళ్తే మూడు రంధ్రాలు ఆరిపోయాయి. బొడ్డు దగ్గరది మాత్రం అంచులు కలవలేదు. దూదితో అద్దితే పసుపు నీరు అంటుకుంది. సర్జన్ గారు చూస్తూనే "ఏం తింటున్నారు?" అని ఒడియాలో అడిగారు. చెప్పాను. నా మందుల చీటీ వెనక్కి తిప్పి గుడ్డు, పప్పు, చేప, నిమ్మ, జామ అని రాసి కింద రెండు గీతలు గీశారు. నూనె, వేపుళ్లు మాత్రం కొన్నాళ్లు తగ్గించమన్నారు.

గాయాన్ని పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే పోగుల్లాంటి ప్రొటీన్. పొందూరు ఖద్దరుకి నూలు వడకాలంటే ముందు పత్తి కావాలా వద్దా? కొల్లాజెన్‌కి ఆ పత్తి మనం తినే ప్రొటీనే. పోగులు గట్టిగా పురిపడడానికి విటమిన్ సి కావాలి. మొదట్లో శరీరం హడావిడిగా అల్లేది పలచటి మూడో రకం కొల్లాజెన్. దాని స్థానంలో గట్టిదైన ఒకటో రకం రావడానికి నెలలు పడుతుంది. మొదటి వారం చివరికి గాయానికి వచ్చే బలం మామూలు చర్మంలో పదో వంతు, మూడు నెలలకి 70-80 శాతం. నూటికి నూరు ఎప్పటికీ రాదు. కీహోల్‌లో కోత చిన్నది, లోపల వాపు తక్కువ, చీము పట్టే ప్రమాదం తక్కువ. అందుకే తొందరగా లేచి తిరుగుతాం. కొల్లాజెన్ అల్లికకి మాత్రం దానికి పట్టే కాలం పట్టాల్సిందే.

పొగ తాగినా గాయం సరిగ్గా మానదు. నా పక్క మంచం మీద పాతపట్నం వైపు పెద్దావిడ ఉండేవారు. అడ్డచుట్ట (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) అలవాటు, ఆసుపత్రి వెనక్కి వెళ్లి మరీ కాల్చేవారు. చెకప్ రోజున మళ్లీ కనిపించారు, కుట్టు విడిపోయి. నికోటిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది, గాయానికి ఆక్సిజన్ అందదు. అది అందకపోతే కొల్లాజెన్ సరిగ్గా తయారవదు. ఆవిడకి ఆ ముక్క తెలుగులో చెప్పినవాళ్లే లేరు.

నాకు మండేది ఇక్కడే. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో, నర్సమ్మ చెప్పేది ఒడియాలో, వంట చేసే మనిషికి వచ్చింది తెలుగు. నా కాగితంలో 'హై ప్రొటీన్ డైట్' అని ఉండనే ఉంది. అంటే పప్పు, గుడ్డు అని మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? సరిహద్దు ఊళ్ల ఆసుపత్రుల్లో ఆ రెండు ముక్కలు తెలుగులో అచ్చువేసి ఇస్తే ఎంత ఖర్చవుతుంది?

చీటీ చూపించాక అత్తయ్యే పొద్దున్నే రెండు గుడ్లు ఉడకబెట్టి ఇచ్చేవారు. పది రోజుల్లో బొడ్డు దగ్గర ఆరిపోయింది.

బరువుల సంగతి. నిండు గ్యాస్ సిలిండర్, నీళ్ల బకెట్ ఆరు వారాలు ముట్టుకోవద్దన్నారు, నేను మూడు నెలలు ముట్టుకోలేదు. బొడ్డు దగ్గర పెద్ద రంధ్రానికి లోపలి పొర కూడా కుట్టారా అని మీ డాక్టర్‌ని అడగండి. ఈ ఆపరేషన్ తర్వాత హెర్నియా (పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలిది బయటికి పొడుచుకురావడం) వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది. దగ్గినప్పుడు అక్కడ ఉబ్బెత్తుగా కనిపిస్తే వెంటనే వెళ్లి చూపించుకోండి.