ముక్కులో కండ, రక్తం: ముక్క తీయకుండా స్కానింగులు ఎందుకు రాస్తారు?

పదిహేనేళ్ల మీ అబ్బాయికి ఒక పక్క ముక్కు మూసుకుపోయి మాటిమాటికీ రక్తం కారుతోందని, లోపల కండ ఉందన్న డాక్టరు ముక్క పరీక్ష చేయకుండా సీటీ, ఎమ్మారై రెండూ రాశారని, ఇది డబ్బుల కోసమేనా అని అడిగారు. కాదండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా అన్నయ్య కొడుక్కి పదో తరగతిలో ఇదే వచ్చింది. వేడి చేసిందని మా అమ్మ రోజూ బొండాలు కొట్టించి తాగించింది. చెట్లు మావే, ఖర్చు లేదు, గుణమూ లేదు. తర్వాత ఒక చోట చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపుదామన్నారు. వాడు భయపడి కుర్చీలోంచి లేచిపోయాడు. అదే మంచిదైందని కాకినాడలో చూపించిన ఈఎన్‌టీ డాక్టరు అన్నారు. ఈ వయసు మగపిల్లల్లో ఇలా ఉంటే మొదట అనుమానించేది యాంజియోఫైబ్రోమా. క్యాన్సర్ కాదు గానీ నిండా రక్తనాళాలే. ఆ నాళాల గోడల్లో కండరం సరిగా ఉండదు, తెగితే ముడుచుకోవు. కుర్చీలో కూర్చోబెట్టి ముక్క తీస్తే రక్తం ఆపడం కష్టం.

సీటీలో మావాడికి పై దవడ ఎముక వెనక గోడ ముందుకు వంగి, దాని వెనకున్న సందు వెడల్పైంది. రేడియాలజిస్టు దాదాపు అక్కడే తేల్చేశారు. కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనపడేందుకు నరంలోకి ఇచ్చేది) ఎక్కించాక కండంతా తెల్లగా వెలిగింది. (మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడి, ప్యాంటు తడిసిందేమో అనుకున్నాడట. ముందే చెప్పి పంపండి.) ఎమ్మారైలో అదే కండలో నల్లటి చుక్కలు, గీతలు. రక్తం జోరుగా పారే నాళాలు అలా పడతాయట. సైనస్‌లో నిలిచిన చీమిడి ఏదో, అసలు కండ ఏదో, కంటి వైపో మెదడు వైపో పాకిందో లేదో కూడా అందులోనే తెలిసింది.

ఆపరేషన్‌కి ముందు రోజు తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, యాంజియోగ్రామ్‌లో చూస్తూ కండకి రక్తం ఇచ్చే నాళాలు మూసేశారు, పంటకాలవ తూము దించినట్టు. మర్నాడు ఎండోస్కోపీతో, అంటే ముక్కులోంచే కెమెరా గొట్టం పెట్టి, కండ తీశారు. అయినా రక్తం సీసాలు సిద్ధంగా ఉంచారు.

కాంట్రాస్ట్‌కి ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయిస్తారు. అలర్జీ, ఆయాసం ఉంటే దాచకండి. రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. మాకు ఆపరేషన్ చేసిన డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి సీడీయే చూశారు.