కరివేపాకు కుండీతో ఊరు మారవచ్చా?

కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీలోని అనహైమ్ నుంచి శాక్రమెంటోకు ఇల్లు మారుతున్నామని, ఎంతో కాలంగా పెంచుకున్న కరివేపాకు కుండీని కారులో పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. ఆకు దూసి సంచిలో వేసుకోవడం కూడా వద్దు.

నేనూ ఆ కౌంటీలోనే ఉంటాను. మా పెరట్లో నిమ్మచెట్టు, పక్కనే కరివేపాకు ఉన్నాయి. తనిఖీకి వచ్చినాయన నిమ్మచెట్టును చూస్తాడనుకుంటే తిన్నగా కరివేపాకు దగ్గరకే నడిచాడు. చిగురు వంచి భూతద్దం నా చేతికిచ్చాడు. పసుపుపచ్చని పిల్లపురుగులు, వాటి వెనుక నుంచి మెలికలు తిరిగిన తెల్లటి మైనపు పోగులు కనిపించాయి. పెద్ద పురుగు నువ్వుగింజంత ఉంటుంది. తల ఆకుకు ఆనించి వెనుక భాగం పైకెత్తి కూర్చుంటుంది.

మన బత్తాయి రైతులను ఏడిపించే సిల్లా పురుగు ఇదే. నిమ్మ, నారింజ జాతి చెట్లకు పట్టే గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియాను చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. తెగులు పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు. కరివేపాకు మీద పురుగు కాపురం పెడుతుంది గానీ ఆ తెగులు కరివేపాకును ఏమీ చేయదు. అందుకే ‘నా మొక్క నిగనిగలాడుతోంది’ అనే వాదన ఇక్కడ చెల్లదు. పురుగుకు కావలసింది ఆ లేత చిగురే. గుడ్లు చిగురు మడతల్లో పెడుతుంది, మామూలు కంటికి ఆనవు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో, తెగులు 2005లో కనిపించాయి. 2003-04లో అక్కడ సుమారు 24 కోట్ల పెట్టెల నారింజలు పండితే, 2022-23లో వచ్చినవి 1.6 కోట్లే. తుపానులూ తోడయ్యాయనుకోండి. కాలిఫోర్నియాకు పురుగు 2008లో వచ్చింది. 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గరి హసియెండా హైట్స్‌లో తెగులు మొదట బయటపడింది పెద్ద తోటలో కాదు, ఒక ఇంటి పెరటి చెట్టులో! తనిఖీవాళ్లు మన పెరళ్లలో తిరిగేది అందుకే.

మీ ఇల్లు తెగులు క్వారంటైన్ పరిధిలో, అంటే తెగులు బయటపడిన చోటు చుట్టూ ఆంక్షలు పెట్టిన ప్రాంతంలో ఉంటే నిమ్మ, నారింజ జాతి మొక్కలను కదపకూడదు. ఇంట్లో కాసిన కాయలు కూడా గడప దాటకూడదు. గుడికి, స్నేహితుల ఇళ్లకు సంచినిండా నిమ్మకాయలు పట్టుకెళ్లే మనవాళ్లకు ఇది కష్టమే. ఇంట్లోనే ఊరగాయ పెట్టుకోవడానికి మాత్రం అడ్డులేదు.

కుండీని తర్వాత ఆ ఇంట్లోకి వచ్చేవారికి వదిలేయండి. చెట్టెక్కే చీమలను అదుపులో ఉంచమని వారికి చెప్పండి. పాకిస్తాన్ పంజాబు నుంచి తెచ్చి 2011 నుంచి ఇక్కడ వదులుతున్న చిన్న కందిరీగలు ఈ పిల్లపురుగుల మీదే గుడ్లు పెట్టి వాటిని చంపుతాయి. చీమలేమో పురుగుల తీపి ద్రవం కోసం వాటికి కాపలా కాస్తూ కందిరీగలను తరిమేస్తాయి.

శాక్రమెంటోలో లైసెన్సు ఉన్న నర్సరీలో మొక్క కొనుక్కోండి. కొనేముందు కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి ఒక ఫోను చేయండి, క్వారంటైన్ హద్దులు మారుతూ ఉంటాయి. ఈలోగా ఇండియా నుంచి అమ్మగారిని సూట్‌కేసులో పచ్చి కరివేపాకు తెమ్మని మాత్రం అడగకండి. విమానాశ్రయంలో తీసి పారేస్తారు, దాచి తెస్తే జరిమానా కూడా వేస్తారు.