నికాహ్‌నామా మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి చదువు బేటీ

బేటీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నికాహ్‌నామాలో, అంటే పెళ్లి ఒప్పందపు కాగితంలో, నా షరతులు కూడా రాయిద్దామంటే అబ్బా "మనం ముసల్మానులమా కాదా" అంటున్నారు, ఆఫీసులో వాళ్లేమో "ముందు మీ మతాన్ని సంస్కరించుకోవాలి" అంటున్నారు, ఎవరికని జవాబు చెప్పను ఖాలా అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. మీ అమ్మికి కూడా చదివి వినిపించు.

ముందు ఒక మాట. అందరికీ జవాబు చెప్పే పని నెత్తిన వేసుకోకు. ఇస్లాంలో సంస్కరణ కావాలా వద్దా అని టీవీలో రోజూ అరుచుకుంటూనే ఉంటారు, అందులో నీ చేతికి అందే ముక్క ఒక్కటే, ఆ నికాహ్‌నామా. మనలో నికాహ్ అంటే ఒప్పందం. ఒప్పందం అన్నాక రెండు వైపులా షరతులు పెట్టుకోవచ్చు, ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మన ఫిక్‌హ్‌లో, అంటే మన ధర్మశాస్త్రంలో, ఉన్నదే.

మా ఆపా, అంటే మా అక్క, మీ బడీ ఖాలా సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. 1984లో గల్ఫ్‌లో ఉన్న ఆమె మొగుడి నుంచి నీలం రంగు ఎయిర్‌మెయిల్ కవరు వచ్చింది. ఉర్దూలో ఆరు లైన్లు. తలాక్ అనే మాట మూడుసార్లు, మూడోదాని కింద పెన్నుతో గీత. ఆపా అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది, చేతులు తడిగా ఉన్నాయని కవరు నన్నే చింపమంది, నేనే చదివాను. మా అబ్బా ఆ కాగితం జేబులో పెట్టుకుని మాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయారు. "ఇలా చెప్పడం పాపమే, కానీ చెల్లిపోయింది అన్నారు" అని ఒక్క మాట చెప్పారు. మెహర్, అంటే పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ము, 786 రూపాయలు, అది కూడా "తర్వాత" అని రాసి ఉంది. రెండు నెలలకు మనీఆర్డర్‌లో వచ్చింది. ఆ మనీఆర్డర్ ముక్క ఆపా కుట్టుమిషన్ సొరుగులో ఇప్పటికీ ఉంది. ఆ మిషన్ మీదే ముప్పై ఏళ్లు ఊరందరి జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది.

"పాపమే, కానీ చెల్లుతుంది." ఈ మాటే నన్ను ఇన్నేళ్లూ తినేసింది. పాపమైంది ఎలా చెల్లుతుంది? ఈ ప్రశ్న అడిగితే దీన్ నుంచి, అంటే మతం నుంచి, బయటికి పోయినట్టే అని భయపెట్టారు. నేను టీచర్ ఉద్యోగం చేసుకుంటూ, రిటైరయ్యాక ఇంకాస్త తీరిగ్గా చదివితే తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్న దీన్ లోపల వందల ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. తలాక్ రెండుసార్లు, ఆ తర్వాత మంచిగా ఉంచుకోవాలి లేదా మంచిగా పంపేయాలి అని ఖురాన్ రెండో సూరాలోనే ఉంది. ఒకేసారి మూడు అంటే ఒక్కటిగానే లెక్క అని ఇబ్న్ తైమియా అనే ఆలిమ్, అంటే మత పండితుడు, ఎప్పుడో పద్నాలుగో శతాబ్దంలో డమాస్కస్‌లో వాదించాడు, తలాక్ విషయంలో ఇచ్చిన ఫత్వాల వల్ల జైలుకు కూడా వెళ్లాడు. ఈజిప్టు 1929లోనే దాన్ని చట్టంగా రాసుకుంది. మన దగ్గర సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఒకేసారి మూడు తలాక్ చెల్లదని చెప్పేసరికి ఆపాకి అరవై దాటాయి. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఏమీ అనలేదు, లేచి వెళ్లి వజూ చేసుకుని నమాజు చదువుకుంది.

ఇక మీ అబ్బా విషయం. ఆయన మీద కోపం తెచ్చుకోకు బేటీ. ఆయనకున్నది భయం. 1985లో విడాకులైన షా బానోకి భర్త భరణం ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆయన కాలేజీలో ఉన్నాడు, అప్పటి గొడవంతా కళ్లారా చూశాడు. ఒక ముసలావిడ భరణం అడిగితే, ఆమెకు న్యాయం ఎలా జరగాలన్నది పక్కకు పోయి, మన మీద ఎవరు గెలిచారన్నదే మిగిలింది. ఒక వాక్యం మారిస్తే మొత్తం షరియత్‌నే లాగేసుకుంటారేమోనన్న ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కాబట్టి ఆయనకు టీవీ చర్చల క్లిప్పులు పంపకు, ఫ్యామిలీ గ్రూపులో అసలే పెట్టకు. ఒంటరిగా ఉన్నప్పుడు, ఇషా నమాజు అయ్యాక, టీ ఇచ్చి కూర్చోబెట్టి దేవ్‌బంద్ మదర్సా పెద్ద ఆలిమ్ అష్రఫ్ అలీ థాన్వీ పేరెత్తు. మీ ఇంట్లో అల్మరాలో ఆయన పుస్తకాలు ఉన్నాయి, మీ అబ్బాకి ఆయనంటే ఎంత గౌరవమో నాకు తెలుసు.

పంజాబులో ఆ రోజుల్లో భర్త వదిలేసి పోయినా, తిండి పెట్టకపోయినా హనఫీ అనే ఫిక్‌హ్ పద్ధతిలో ఆడదానికి విడిపోయే దారి దాదాపు లేదు. దాంతో కొందరు ఆ పెళ్లి తెగడం కోసం ఇస్లామే వదిలేశామని చెప్పడం మొదలుపెట్టారు. అది చూసి తల్లడిల్లి 1930ల మొదట్లో థాన్వీ సాహెబ్ ఒక పెద్ద ఫత్వా రాశారు, హనఫీ ఆలిమ్ అయ్యుండి మాలికీ అనే వేరే మజ్‌హబ్ (ఫిక్‌హ్ పద్ధతి) నుంచి దారి తీసుకున్నారు. దాని వెనకాలే 1939 చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్లు జాడ లేకపోతే, రెండేళ్లు పోషించకపోతే, హింస పెడితే భార్య కోర్టుకు వెళ్లి విడిపోవచ్చు. అంతేకాదు, పెళ్లప్పుడే తలాక్ హక్కు భార్య చేతికి అప్పగించేలా ఎలా రాసుకోవాలో కూడా ఆయన చెప్పారు. దీన్నే తలాకె తఫ్‌వీజ్ అంటారు. ఇంగ్లీషు చదువుల వాళ్లు చెప్పింది కాదు, దేవ్‌బంద్ పెద్ద చెప్పింది అని మీ అబ్బాకి నెమ్మదిగా చెప్పు. పాకిస్తాన్ నికాహ్‌నామాలో పద్దెనిమిదో గడి ఇదే, భర్త ఈ హక్కు భార్యకిచ్చాడా లేదా అని. అక్కడ కూడా చాలామంది పెద్దలు ఆ గడి మీద గీత కొట్టేస్తారు, అది వేరే బాధ.

రాయించాల్సింది ఇంకా ఉంది. మెహర్ దగ్గర జాగ్రత్త. ఉర్దూలో ముఅజ్జల్ అనే మాటలు రెండున్నాయి, ఒకటి అయిన్‌తో, ఒకటి హమ్జాతో. మొదటిది వెంటనే ఇచ్చేది, రెండోది తర్వాత ఇచ్చేది. మన నోట్లో రెండూ ఒకేలా పలుకుతాయి, తెలుగులో రాస్తే తేడానే తెలియదు. ఎన్ని గ్రాముల బంగారం, ఎంత డబ్బు, "నికాహ్ రోజే ముట్టింది" అని మామూలు మాటల్లో రాయించు. జోడే కీ రఖమ్, అంటే కట్నం డబ్బు, మాత్రం ఒక్క రూపాయి కూడా ఒప్పుకోకు. పెళ్లికొడుకు మనకివ్వాల్సిన మెహర్ 786కి దిగి, మనం వాళ్లకిచ్చేది లక్షలకు ఎక్కింది, దీన్ని బిద్అత్, అంటే దీన్‌లో లేని కొత్త పోకడ, అని ఎవరూ అనరు! తఫ్‌వీజ్ అడిగితే మాత్రం అందరికీ దీన్ గుర్తొస్తుంది. నాకు ఇక్కడే కడుపు మండుతుంది.

గొడవ వస్తే మీ వైపు ఒకరు, వాళ్ల వైపు ఒకరు కూర్చుని మాట్లాడాలని, ఖురాన్ చెప్పినట్టే, రాయించు. నీ ఉద్యోగం, చదువు గురించి ఒక వాక్యం. రెండో పెళ్లి చేసుకుంటే తఫ్‌వీజ్ హక్కు నీకు వస్తుందని ఒక వాక్యం. ఆ మాటల పొందిక ముఖ్యం, ఒక వకీలుకి, ఫిక్‌హ్ తెలిసిన ఒక ఆలిమ్‌కి ఇద్దరికీ చూపించాకే ఖరారు చెయ్యి. ముందు అబ్బాయికే చూపించు, వాళ్లమ్మకి కాదు. ఆ కాగితం చదివాక అతను ఏం మాట్లాడతాడో, ఎలా మాట్లాడతాడో బాగా విను.

"ఆడపిల్ల ఇన్ని అడగొచ్చా" అని ఎవరైనా అంటే ప్రవక్త (స) కాలం నాటి బరీరా కథ చెప్పు. బానిసత్వం నుంచి బయటపడ్డాక భర్తతో ఉండనంది, అతను మదీనా వీధుల్లో ఏడుస్తూ వెంట తిరిగాడు. స్వయంగా ప్రవక్త (స) అతని దగ్గరికి తిరిగి వెళ్లకూడదా అని అడిగితే, ఇది ఆజ్ఞా అని అడిగింది. కాదు, సిఫారసే అన్నారు. అయితే నాకు అతను అక్కర్లేదు అంది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. ఇది బుఖారీ హదీసుల్లో ఉంది.

ఆఫీసు వాళ్లతో వాదన పెట్టుకోకు. నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్లు ఉంటే మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలైలో సుప్రీంకోర్టు, విడాకులైన ముస్లిం మహిళ కూడా అందరిలాగే భరణం అడగొచ్చని చెప్పిందని చెప్పు, మొదట భరణం కోసం కోర్టుకెళ్లిందీ మన ఆడపిల్లే అని చెప్పు. ఒకేసారి మూడు తలాక్ చెప్పడాన్ని నేరం చేసిన 2019 చట్టం గురించి అడిగితే నా మాట ఇది: తలాక్ చెల్లదనడం సరైనదే, కానీ మొగుణ్ణి మూడేళ్ల దాకా లోపలేస్తే ఆ ఇంటికి బియ్యం ఎవరు తెస్తారో నాకు అర్థం కాలేదు. మన మీద ప్రేమతో మాట్లాడేవాళ్లెవరో, మన పేరుతో మనవాళ్లను తిట్టేవాళ్లెవరో నీకు తెలిసిపోతుంది, రెండో రకానికి నీ బాధ అప్పుగా ఇవ్వకు.

నికాహ్ రోజు సాక్షులను తీసుకుని నికాహ్ వకీల్, అంటే నీ తరఫున మాట్లాడే పెద్దమనిషి, నీ గదిలోకి వస్తాడు, చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటారు, ఎవరో పెన్ను చేతిలో పెట్టి త్వరగా కానివ్వమంటారు. ఆగు. మొత్తం చదువు. గడులు ఖాళీగా ఉన్నాయేమో చూడు, నువ్వు ఒప్పుకున్న షరతులు ఉన్నాయో లేదో చూడు, ఆ తర్వాతే సంతకం. ఒక కాపీ నీ దగ్గరే పెట్టుకో, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకో.

ఆదివారం నువ్వు రాసుకున్న కాగితం తీసుకుని కర్నూలు వచ్చెయ్. మీ అబ్బాకి నేను ఫోన్ చేసి చెప్పాను, వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బడీ ఖాలా కూడా వస్తోంది, ఉర్దూ భాగం తనే గట్టిగా చదువుతానంది.

నీ ఖాలా