చేన్లో దొరికిన ఉడుము పిల్లను పెంచుకోవచ్చా? మచ్చిక అవుతుందా?

ప్రొద్దుటూరు దగ్గర చేన్లో ఉడుము పిల్ల దొరికింది, తల్లి జాడ లేదు, ఇంట్లో పెట్టుకుని మచ్చిక చేయొచ్చా అని అడిగావు తమ్ముడూ.

మచ్చిక అవుతుంది. కానీ మన ఉడుమును పెట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఇదీ ఉంది. పడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. "కూరకు కాదు సార్, ముద్దుగా సాకుతున్నా" అంటే వినరు. పైగా నీ ఇంట్లో ఉడుముందని తెలిస్తే నడుం నొప్పికి మందనో, నూనెకనో ఎవడో ఒకడు గోడ దూకుతాడు. (ఆ మందులో పస లేదు, అది వేరే గొడవ.)

తల్లి కోసం వెతకొద్దు. ఉడుము పుట్టలోనో నేలలోనో గుడ్లు పెట్టి పోతుంది, పిల్లల్ని సాకదు. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచే అవి పురుగులు పట్టుకుని బతుకుతాయి. ఎండ ఉండగా, దొరికిన చోటే వదిలేయ్. దెబ్బ తగిలుంటే అటవీ శాఖకు చెప్పు.

మచ్చిక సంగతి నాకెలా తెలుసంటే, కువైట్‌లో ఇంటి డ్రైవరుగా ఉన్నప్పుడు మా కఫీలు (నన్ను పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని) కొడుకు ఆఫ్రికా ఉడుమును తెచ్చాడు, సవానా మానిటర్ అంటారు. వాడి సరదా నాలుగు రోజులే, సాకింది నేను. మొదట్లో పెట్టె దగ్గరికి పోతే చాలు, ఒళ్లు ఉబ్బించి బుసకొట్టేది. తోకతో కొడితే ముంజేతి మీద వాత తేలేది. ఆ పిల్లోడు బలవంతంగా ఎత్తుకునేసరికి ఇంకా బెదిరింది. నేను రోజూ అదే వేళకు పెట్టె తెరిచి, చెయ్యి మట్టి మీద కదలకుండా పెట్టి కూర్చునేవాణ్ణి. నాలుక చాచి వాసన చూసి పోయేది. మేత మాత్రం పట్టకారుతోనే. వేలికీ పురుగుకీ అది తేడా చూడదు. చేతి మీదికెక్కడానికి నెలలు పట్టింది. ఇంకోటి, ఎత్తుకున్నప్పుడు కళ్లు మూసుకుంటే నిద్రనుకోవద్దు, భయంతోనూ మూసుకుంటుంది.

మచ్చిక కన్నా కష్టం దాని ఇల్లు. లైటు కింద రాయి 50 డిగ్రీలు దాటాలి, ఇంకో మూల చల్లగా ఉండాలి, తవ్వుకోవడానికి 2 అడుగుల మట్టి కావాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు. ఎలుకలే వేస్తే కొవ్వు పడుతుంది. దానికి ముఖ్యంగా మిడతలు, పురుగులు కావాలి.

మీ చేన్లో ఉంటే ఎలుకల్నీ పురుగుల్నీ తింటుంది, నీకే లాభం. కోళ్లుంటే మాత్రం గుడ్లు జాగ్రత్త.