లువాంగ్వా క్యాంపుకు వెళ్లే ముందు

అమ్మలూ,

సెప్టెంబర్‌లో మీరిద్దరూ జాంబియా వస్తున్నారని, సౌత్ లువాంగ్వా అడవిలో ఉండాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. ఇన్నేళ్లుగా లుసాకాలో ఉంటున్నాను కదా, నాకు తెలిసినవి రాస్తున్నాను.

క్యాంపు ఎంచుకునేటప్పుడు ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ ఉందా లేదా అని చూడకు. వానాకాలంలో ఆ క్యాంపు ఏమవుతుందో అడుగు. మంచి బుష్ క్యాంపుల్లో చాలావాటిని ఏటా వానలు పోయాక గడ్డితో, రెల్లుతో, కర్రలతో కట్టి, మళ్లీ వానలు పడేలోపు విప్పేస్తారు. నేల మీద సిమెంటు మిగలదు. కరెంటు సోలార్‌దేనా, పనిచేసేవాళ్లు దగ్గరి ఊళ్లవాళ్లేనా అని కూడా అడుగు. అడగడానికి మొహమాటపడకు. 1950లో నార్మన్ కార్ అనే ఆయన ఇక్కడి తెగపెద్ద న్సెఫును ఒప్పించి, జంతువుల్ని చూడడానికి వచ్చేవాళ్ల కోసం క్యాంపు పెట్టించాడు. వచ్చే డబ్బు ఊరికి చేరాలన్నది అప్పటినుంచీ ఉన్న ఆలోచనే. చేతికొచ్చిన మొక్కజొన్నను ఏనుగులు తొక్కేస్తుంటే ఊరివాళ్లు ఎంతకని సహిస్తారు? అడవి వల్ల వాళ్లకూ నాలుగు డబ్బులు రావాలి.

క్యాంపు చుట్టూ కంచె ఉండదు. చీకటి పడితే నీటిగుర్రాలు గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి, ఏనుగులు గుడిసెల మధ్య నుంచే నడిచిపోతాయి. అందుకే రాత్రి భోజనానికి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా వాచ్‌మన్ టార్చ్‌తో వచ్చేదాకా ఆగాలి. "పది అడుగులే కదా" అని మీ ఆయన బయల్దేరతాడేమో, వెళ్లనివ్వకు. లోపల ఉన్నంతసేపు టెన్షన్ పడక్కర్లేదు.

స్నానానికి వేడినీళ్లు బకెట్‌లో పోసి పైకి కడతారు, కింద షవర్ ఉంటుంది. ఒక్క బకెట్‌తో స్నానం మనకు కొత్తేం కాదుగా. శాకాహారులమని బుక్ చేసేటప్పుడే చెప్పు, సామాన్లు దూరం నుంచి రావాలి. గుమ్మడి ఆకుల్ని వేరుశనగ పొడి వేసి వండుతారు, తప్పకుండా చేయించుకో, అన్నం లేకపోయినా న్షీమా అనే మొక్కజొన్న పిండి ముద్దతో హాయిగా తినొచ్చు. ఆవకాయ తెచ్చుకుంటే గుడిసెలో పెట్టుకోకుండా వంటింట్లో ఇచ్చెయ్యి. పండ్లు కూడా అంతే. ఏనుగు వాసన పట్టిందంటే గడ్డి గోడ దానికి అడ్డం కాదు.

జీపులో తిరగడం ఎక్కడైనా ఉంటుంది, ఇక్కడ నడవండి. పొద్దున్నే గైడుతోపాటు తుపాకీ పట్టుకున్న స్కౌట్, అంటే అడవి కాపలాదారు, ముందు నడుస్తాడు, మీరు వెనక ఒకే వరసలో రావాలి. ఆగమంటే ఆగాలి, పరుగెత్తడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. సింహం కోసమే ఎదురుచూస్తూ కూర్చోకండి. అడుగుజాడలు, పేడ, చెదపుట్టలు చూపిస్తూ గైడు చెప్పేది వింటే రాత్రి ఎవరు ఎటు వెళ్లారో తెలిసిపోతుంది. నాకు ఆ నడకే అన్నిటికన్నా ఇష్టం. సెప్టెంబర్‌లో నది గట్లకు చిల్లులు పెట్టి గూళ్లు కట్టుకునే కార్మైన్ బీ ఈటర్లనే ఎర్రటి పిట్టలు వేలల్లో వస్తాయి, అక్కడ ఒక సాయంత్రమంతా కూర్చోండి.

నీలం, నలుపు బట్టలు వద్దు, ట్సెట్సె అనే కుట్టే ఈగలు ఆ రంగులకే వస్తాయి. తెలుపు, ఎరుపు కూడా నడకకు పనికిరావు. అడవికి దగ్గరి విమానాశ్రయం మ్ఫూవేకు వెళ్లేది చిన్న విమానం, మెత్తటి బ్యాగే తెచ్చుకో.

మలేరియా మాత్రల గురించి ఇప్పుడే డాక్టర్‌ని అడుగు. మీరు వచ్చే దారిని బట్టి ఎల్లో ఫీవర్ టీకా కావాలో లేదో కూడా అడుగు; కావాలంటే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా తిరిగి వస్తే, టీకా కార్డు లేనప్పుడు ఇండియాలో దిగాక క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకో. తేదీలు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, లుసాకాలో మా ఇంట్లోనే దిగండి.

మీ అత్తయ్య